మేడ మీదికి 5.1 పాట: ఎక్కడెక్కడ తప్పిందో రాసుకున్న డైరీ

మొదలుపెట్టే నాటికి ఉన్నవి

పాటలన్నీ కింద హాల్లో పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. లినక్స్ మీద నడుస్తుంది, రౌటరు దాని పక్కనే. ఏవీ రిసీవరు (ధ్వనిని స్పీకర్లకు పంచే ఆంప్లిఫయరు), ఐదు స్పీకర్లు, బాస్‌కు ఒక సబ్‌వూఫరు మేడ మీద గదికి చేరాయి. 5.1 అంటే ఈ ఐదూ ఒకటే. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, హాల్లో సబ్‌వూఫరు మోగితే ఊరుకునే పరిస్థితి లేదు. కంప్యూటరుకీ రిసీవరుకీ మధ్య రెండు తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఒక స్లాబు.

బ్లూటూత్ ఎందుకు కాదని అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తాను. పాటల కోసం ఫోన్లు వాడే బ్లూటూత్ దారిలో వెళ్లేవి రెండు ఛానళ్లే (ఒక్కో స్పీకరుకు వెళ్లే విడి ధ్వని ఒక ఛానల్). రిసీవరు వెనక ఉన్న ఆప్టికల్ ఇన్‌పుట్ కూడా అంతే. విప్పిన, అంటే కుదించని ధ్వని అయితే రెండు ఛానళ్లు, ఆరు కావాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపాలి. ఇంట్లో పడివున్న యూఎస్‌బీ సౌండు డబ్బాతో ఒక సాయంత్రం దీని మీద వృథా చేశాను. విప్పిన ఆరు ఛానళ్లు ఈ రిసీవరుకు డిజిటల్‌గా చేరాలంటే హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి.

అందుకని పథకం ఇలా: పైన రిసీవరు పక్కన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు, అందులో ఎంపీడీ అనే పాటల ప్లేయరు. ఫైళ్లు కింది డెస్క్‌టాప్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్కు మీద ఫోల్డరు పంచుకునే పద్ధతి) మీదుగా వస్తాయి. ఫోన్‌తో పాట ఎంచుకోవడం. పై గదిలో పై అని రాస్తుంటే నాకే గందరగోళంగా ఉంది, ఇక్కణ్ణుంచి దాన్ని బోర్డు అంటాను.

నెట్‌వర్కు మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టుకున్నాను. కిలోహెర్ట్జ్ అంటే ఇక్కడ సెకనుకు ఎన్ని వేల శాంపిళ్లో, బిట్లు ఒక్కో శాంపిలు పరిమాణం, ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). కుదించకుండా పంపితే:

- సీడీ పాట, 2 ఛానళ్లు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్: 1.41 ఎంబీపీఎస్
- 5.1 పాట, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్: 6.9 ఎంబీపీఎస్
- 5.1 పాట, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్: 13.8 ఎంబీపీఎస్

పాటల డీవీడీల్లో ఉండే డాల్బీ 5.1 అయితే నా దగ్గరున్న వాటిలో చాలా మటుకు 448 కేబీపీఎస్. అది దేని మీదుగానైనా వెళ్తుంది. అసలు పరీక్ష 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే రకం) ఫైళ్లతోనే. పరీక్షకు వాడిన ఐదు నిమిషాల పాట 296 ఎంబీ. అంటే ఫ్లాక్‌గా కుదించాక సగటున 7.9 ఎంబీపీఎస్.

దశ 1: వైఫై (పనికి రాలేదు)

1. బోర్డులో సిస్టమ్ ఎక్కించి ఎంపీడీ పెట్టాను.
2. మైక్రో హెచ్‌డీఎంఐ కేబులుతో రిసీవరుకు కలిపాను. బోర్డుకు రెండు పోర్టులుంటాయి, కరెంటు పిన్నుకు దగ్గరగా ఉన్నది మొదటిది. దాన్నే వాడండి.
3. డెస్క్‌టాప్‌లోని పాటల ఫోల్డరును చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంటు చేశాను, అంటే బోర్డుకు సొంత ఫోల్డరులా కనిపించేలా కలిపాను.
4. ఐపర్ఫ్ 3 అనే ప్రోగ్రాముతో నెట్‌వర్కు వేగం కొలిచాను.

కింద రౌటరు పక్కన 5 గిగాహెర్ట్జ్ వైఫైలో 90 ఎంబీపీఎస్ పైనే వచ్చింది. పైన ఆ బ్యాండు అసలు అందలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మధ్యాహ్నం పూట 11 నుంచి 14 ఎంబీపీఎస్, రాత్రి ఏడు దాటాక 3 ఎంబీపీఎస్‌కు కూడా పడిపోయింది. పింగ్ (సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) మామూలుగా 4 మిల్లీసెకన్లు, ఉన్నట్టుండి 400. మా వరసలో ప్రతి ఇంటికీ ఒక రౌటరు, 2.4లో ఒకదానికొకటి అడ్డురాని వైఫై ఛానళ్లు మూడే, అందరూ వాటి మీదే.

వింతేమిటంటే స్టీరియో పాటలు రాత్రిళ్లు కూడా ఆగకుండా వచ్చేవి. 5.1 పాట మాత్రం మధ్యాహ్నమే, ఐదు నిమిషాల్లో తొమ్మిది చోట్ల ఆగింది. సగటు వేగం చాలినా ఎందుకు ఆగుతోందని రెండు రోజులు తల పట్టుకున్నాక కారణం లెక్కలో దొరికింది. ఎంపీడీ ముందుగా నింపుకునే బఫరు డిఫాల్టుగా 4 ఎంబీ. 24 బిట్ల శాంపిలును అది లోపల 32 బిట్ల గడిలో పెట్టుకుంటుంది. అంటే 96,000 × 6 × 4, సెకనుకు 2.3 ఎంబీ. ఆ నాలుగు ఎంబీలు రెండు సెకన్లకు కూడా రావు. అదే సీడీ పాటైతే దాదాపు 24 సెకన్లకు సరిపోతాయి. వైఫై మూడు సెకన్లు తడబడితే స్టీరియోకు తెలియదు, 5.1 చచ్చిపోతుంది.

బఫరు 64 ఎంబీకి పెంచాను. ఇప్పుడు 29 సెకన్ల నిల్వ. మధ్యాహ్నం ఆగడం తొమ్మిది నుంచి రెండుకు దిగింది. రాత్రి మాత్రం ఐదు. ట్యాంకు ఎంత పెద్దదైతేనేం, మోటారు నీళ్లే సరిగా ఎక్కించకపోతే. 7.9 కావాల్సిన చోట 3 వస్తుంటే నిల్వ ఆగడాన్ని కాస్త వెనక్కి నెడుతుంది, అంతే.

ఈ దశలోనే ఇంకో పొరపాటు. బోర్డును పాత ఫోన్ చార్జరుతో నడిపాను. వోల్టేజీ తగ్గిందని లాగ్‌లో వరసగా హెచ్చరికలు. అవన్నీ చూడకుండా తప్పంతా వైఫైదే అనుకున్నాను. 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే సరైన అడాప్టరు కొన్నాక హెచ్చరికలు పోయాయి. అప్పుడు మళ్లీ కొలిచినవే పై అంకెలు. అంతకు ముందు రాసుకున్నవి కొట్టేశాను.

ఖర్చు: బోర్డు 4,800, మెమరీ కార్డు 450, హెచ్‌డీఎంఐ కేబులు 350, అడాప్టరు 750.
ఇప్పటిదాకా: రూ. 6,350

దశ 2: కేబులు, రెండుసార్లు

ఇల్లు కట్టినప్పుడు హాలు నుంచి మేడ గదికి టీవీ కోసం ముప్పావంగుళం పైపు గోడలో వేయించాం, అందులో పాత కేబుల్ టీవీ వైరు ఉంది. కరెంటు తీగలున్న పైపులోకి నెట్‌వర్కు కేబులు దూర్చొద్దు, అది వేరే పైపైతేనే ముందుకెళ్లండి.

మొదట దగ్గర్లోని దుకాణంలో మీటరు 12 రూపాయల చొప్పున 25 మీటర్లు తెచ్చాను. పైన క్యాట్ 6 (గిగాబిట్ వేగం మోసే కేబులు రకం) అనే ముద్ర ఉంది. పైపులోకి ఎక్కించే ముందు మెట్ల మీదుగా పరిచి పరీక్షించాను. ఈ ఒక్క పని మాత్రం తెలివిగా చేశాను. లింకు 100 ఎంబీపీఎస్ దగ్గరే నిలిచింది, గిగాబిట్‌కు ఎక్కలేదు. 250 రూపాయల లాన్ టెస్టరు (కేబులులోని ఎనిమిది తీగలకు ఎనిమిది దీపాలు) పెడితే ఏడో దీపం వెలగలేదు. కనెక్టరు కోసి మళ్లీ బిగించాను, ఈసారి ఏడు వెలిగింది, నాలుగు ఆరింది. మూడోసారి తీగ చేతిలోనే విరిగింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి బ్లేడుతో తీగ మీద గీశాడు. "సార్, ఇది రాగి కాదు సార్. అల్యూమినియం, పైన రాగి పూత." గీసిన చోట తెల్లగా మెరిసింది.

నిజానికి 14 ఎంబీపీఎస్ పాటకు 100 ఎంబీపీఎస్ లింకు బోలెడు. దానికి నాలుగు జతల్లో రెండు చాలు. అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు కూడా. ఆగనిది ఎందుకంటే కేబులు కదిలినప్పుడల్లా లింకు పడిపోయి మళ్లీ లేచేది, అలాంటి తీగను గోడలో వేసి పదేళ్లు నమ్మలేను.

రెండోసారి అసలు రాగి కేబులు, మీటరు 32, 22 మీటర్లు. కొనేముందు కౌంటరు దగ్గరే బ్లేడు అడిగి గీసి చూశాను.

ఎక్కించిన విధానం:

1. స్టీలు స్ప్రింగు మూలమలుపు దాటలేదు. అందుకని పాత టీవీ వైరునే తాడుగా వాడాం.
2. కొత్త కేబులు కొసను దానికి టేపుతో సన్నగా చుట్టాం. ముడి వేస్తే మలుపులో ఇరుక్కుంటుంది.
3. పైనుంచి ఒకరు లాగుతుంటే కిందనుంచి ఒకరు తోశాం. స్లాబు దగ్గర ఆగిపోయింది. కేబులుకు టాల్కమ్ పౌడరు రాసి మళ్లీ లాగితే కదిలింది.
4. రెండు కొసల్లోనూ ఒకే రంగుల వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.
5. టెస్టరులో ఎనిమిదీ వెలిగాకే గోడ పెట్టె మూశాం.

ఐపర్ఫ్ 3: 940 ఎంబీపీఎస్. పింగ్ అర మిల్లీసెకను లోపే. వాడిన కేబులు 17 మీటర్లు. క్రింపింగ్ పట్టకారు ఎలక్ట్రీషియన్‌దే.

ఆ రాత్రి పరీక్ష పాట ఒక్కసారి కూడా ఆగలేదు. బఫరును అలాగే 64 దగ్గర ఉంచేశాను.

ఖర్చు: పనికిరాని కేబులు 300, కనెక్టర్లు 100, టెస్టరు 250, రాగి కేబులు 704, ఎలక్ట్రీషియన్‌కు 500. మొత్తం 1,854.
ఇప్పటిదాకా: రూ. 8,204

దశ 3: గొంతు వెనకనుంచి

ఈ తప్పు నాకు రెండు రోజులు తెలియలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పాటలో గాయని గొంతు వెనక ఎడమ స్పీకరులోంచి వస్తుంటే, అబ్బ, ఎంత కొత్తగా మిక్స్ చేశారో అని మెచ్చుకుంటూ విన్నాను. సబ్‌వూఫరు గొణుగుతుంటే అదీ ఒక ప్రయోగమే అనుకున్నాను. అయిదో పాటలోనూ అదే చోటునుంచి గొంతు వచ్చేసరికి అనుమానం తగిలింది.

అమ్మాయి చేత ఆరు ముక్కలు ఫోన్‌లో రికార్డు చేయించాను: ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, బాస్, వెనక ఎడమ, వెనక కుడి. ధ్వని ఫైళ్లు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో ఒక్కో ముక్కనూ ఒక్కో ఛానల్లో పెట్టి ఆరు ఛానళ్ల ఫ్లాక్ చేశాను. వినిపించింది ఇదీ:

- ముందు ఎడమ, ముందు కుడి: సరైన చోటే
- మధ్య: వెనక ఎడమ స్పీకరులో
- బాస్: వెనక కుడి స్పీకరులో
- వెనక ఎడమ: సబ్‌వూఫరులో, బానలో తల పెట్టి మాట్లాడినట్టు
- వెనక కుడి: మధ్య స్పీకరులో

కారణం వరసల తేడా. ఫ్లాక్ ఫైలులో వరస ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, బాస్, వెనక ఎడమ, వెనక కుడి. లినక్స్ సౌండు వ్యవస్థ ఆల్సా వాడుక ప్రకారం ముందు రెండు, తర్వాత వెనక రెండు, ఆ తర్వాత మధ్య, బాస్. ఎంపీడీ బుద్ధిగా ఆ వరసకు మార్చి ఇస్తుంది. హెచ్‌డీఎంఐ వరస మూడోది: ముందు రెండు, బాస్, మధ్య, వెనక రెండు. నా అమరికలో ఈ చివరి మార్పు చేసే దిక్కే లేదు. పై జాబితాను ఈ మూడు వరసలతో పోల్చి చూడండి, అచ్చంగా కుదురుతుంది.

చేసిన మార్పు: ఆల్సా సెట్టింగుల ఫైలులో ఛానళ్ల గడులు మార్చే రూట్ ప్లగిన్ ఒకటి రాశాను. వచ్చే గడి నుంచి పోయే గడికి:

1. 1 నుంచి 1కి, 2 నుంచి 2కి
2. 3 నుంచి 5కి, 4 నుంచి 6కి
3. 5 నుంచి 4కి, 6 నుంచి 3కి

ఆల్సా ఫైలులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి రాసేటప్పుడు ఒక్కొక్కటి తగ్గించుకోండి. నేను తగ్గించకుండా రాసి అరగంట పోగొట్టుకున్నాను. ఇంకొకటి: ప్లగిన్ చివర నేరుగా హార్డ్‌వేరు పేరు పెడితే ఈ బోర్డు ఫార్మాటు కుదరదని తిరగ్గొడుతుంది. ఆల్సాలో హెచ్‌డీఎంఐ పేరుతో ఉన్న పరికరాన్నే పెట్టాలి.

మార్చాక అదే పరీక్ష ఫైలు. ఆరూ వాటి వాటి చోట్లే పలికాయి. తర్వాత నార్వే సంస్థ 2ఎల్ పరీక్షల కోసం ఉచితంగా ఉంచిన 5.1 ఫ్లాక్ ఫైళ్లు కూడా విని చూశాను. ఏ వాయిద్యం ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

ఖర్చు లేదు.
ఇప్పటిదాకా: రూ. 8,204

దశ 4: డీటీఎస్ సీడీలు, స్‌స్‌స్

బావ అమెరికానుంచి తెచ్చిన డీటీఎస్ సీడీలు పద్నాలుగున్నాయి. ఇవి చూడ్డానికి మామూలు సీడీలే. లోపల మాత్రం స్టీరియో శాంపిళ్ల స్థానంలో కుదించిన ఆరు ఛానళ్ల డేటా ఉంటుంది. గుర్తుపట్టే రిసీవరుకు అక్షరం పొల్లుపోకుండా చేరితే పాట, ఒక్క బిట్టు మారినా హోరు.

నాకు హోరే వచ్చింది. ఒకదాని వెనక ఒకటి రెండు కారణాలు.

మొదటిది, ఎంపీడీ వాల్యూము 80 దగ్గర ఉంది. అంటే ప్రతి శాంపిలునూ గుణించి, తగ్గించి పంపుతోంది. సంగీతానికి అది శబ్దం తగ్గడం, డీటీఎస్‌కు అది చెత్త అవడం. ఎంపీడీలో వాల్యూము మార్చే మిక్సరు తీసేశాను, పాటల స్థాయి సమం చేసే రీప్లేగెయిన్ కూడా. ఇకపై వాల్యూము రిసీవరు రిమోటుతోనే.

హోరు పోలేదు. రెండోది దశ 3లో నేను రాసుకున్న రూటే. అది ఏది వచ్చినా ఆరు గడుల్లో పెట్టి పంపుతుంది. రిసీవరు డీటీఎస్ గుర్తులు వెతికేది రెండు ఛానళ్ల ధ్వనిలో. ఎంపీడీలో రూటు లేని రెండో అవుట్‌పుట్ పెడితే రిసీవరు మీద డీటీఎస్ దీపం వెలిగింది, పాట వచ్చింది. కానీ ఒకే పరికరాన్ని రెండు అవుట్‌పుట్లు పంచుకోలేవు, ప్రతిసారీ ఫోన్‌లో ఒకటి ఆపి ఇంకొకటి తెరవాలి. వారం చేశాను. ఒక రాత్రి మర్చిపోయాను, హోరు పూర్తి వాల్యూములో పలికింది. అమ్మాయి మెట్లెక్కి వచ్చి ఏమీ అనకుండా చూసి వెళ్లింది. మర్నాడే పద్ధతి మార్చాను.

ఇప్పటి పద్ధతి, ఒక్కో డిస్కుకు ఒక్కసారే:

1. సీడీ నుంచి రిప్ చేసిన (కంప్యూటరుకు ఎక్కించిన) ఫ్లాక్‌ను ముందు వేవ్ ఫైలుగా విప్పాలి. ఫ్లాక్‌లో ఉన్నంతసేపూ ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని మామూలు స్టీరియో అనుకుంది. వేవ్ ఇస్తే లోపల డీటీఎస్ ఉందని తానే గుర్తుపట్టింది.
2. దాన్ని ఆరు ఛానళ్లుగా విప్పి 24 బిట్ల ఫ్లాక్‌గా దాచుకోవాలి.
3. పాత ఫైలు చెరపకుండా వేరే ఫోల్డరులో ఉంచాలి.

740 ఎంబీ ఉన్న డిస్కు 1.9 జీబీ అయింది. నాణ్యతేమీ పెరగదు, చోటే ఎక్కువ తింటుంది. దానికి బదులుగా అన్ని పాటలూ ఒకే దారిలో వెళ్తాయి, హోరు ప్రమాదం లేదు.

పనిలో పనిగా మన సినిమా పాటల డీవీడీలు పదకొండింటిని కూడా ఛానళ్లుగా విడదీసి చూశాను. నాలుగింటిలో వెనక ఛానళ్లు ముందు ఛానళ్లకు నకళ్లే, కొంచెం ఆలస్యం చేసి స్థాయి తగ్గించినవి. ఆలస్యం సరిచేసి ఒకదాన్ని తలకిందులు చేసి కలిపితే దాదాపు నిశ్శబ్దం మిగిలింది. అట్టమీద 5.1 అని ఉంది మరి. వాటిని స్టీరియోగానే వింటున్నాను.

దశ 5: దూరాలు, స్థాయిలు

రిసీవరు మైకు ఎప్పుడో పోయింది, అందుకని టేపూ ఫోనూ. కూర్చునే చోటునుంచి: ముందు రెండూ ఎనిమిదిన్నర అడుగులు, మధ్యది ఎనిమిది, వెనక ఎడమ నాలుగు, తలుపు అడ్డొచ్చినందుకు వెనక కుడి ఆరున్నర, సబ్‌వూఫరు తొమ్మిది. శబ్దం ఒక అడుగు దాటడానికి 0.9 మిల్లీసెకను. వెనక ఎడమ శబ్దం ముందువాటికంటే 4 మిల్లీసెకన్లు ముందే చెవినపడుతోందన్నమాట. రిసీవరులో దూరాలు కొడితే అదే సర్దుకుంది.

స్థాయిలకు రిసీవరులోని పరీక్ష హోరు, ఫోన్‌లో డెసిబెల్ యాప్. ఆ యాప్ అంకెలు అచ్చమైనవని నమ్మొద్దు, ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తాయి. వెనక కుడి 5 డెసిబెల్స్ తక్కువగా ఉంది, పెంచాను.

గది ఖాళీ, కింద గ్రానైటు. చప్పట్లు కొడితే గుళ్లో కొట్టినట్టుంది. వెనక గోడకు అమ్మ కుట్టిన బొంత ఒకటి వేలాడదీశాను. ఈ మొత్తం ప్రాజెక్టులో రూపాయి ఖర్చు లేకుండా చెవికి అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది అదే.

ఇప్పటిదాకా: రూ. 8,204

దశ 6: కరెంటు పోయి వచ్చాక

మే నెల గాలివానకు కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఫోన్‌లో చూస్తే 1,140 పాటలు ఉండాల్సిన చోట సున్నా. బోర్డు అర నిమిషంలో లేస్తుంది, డెస్క్‌టాప్‌కు నిమిషంన్నర కావాలి. బోర్డు వెళ్లి తలుపు తట్టేసరికి అక్కడెవరూ లేరు, మౌంటు కాలేదు. ఎంపీడీకి కనిపించింది ఖాళీ ఫోల్డరు. పాటల జాబితా తానే సరిచూసుకునే సెట్టింగు నేనే పెట్టాను కాబట్టి, పాటలన్నీ చెరిపేశారనుకుని జాబితా తుడిచేసింది.

మార్చినవి:

1. మౌంటు బోర్డు లేచినప్పుడు కాకుండా ఫోల్డరును మొదటిసారి ముట్టుకున్నప్పుడు జరిగేలా.
2. జాబితా దానంతట అది సరిచూసుకోవడం ఆపేశాను. కొత్త పాటలు వేసినప్పుడు ఫోన్‌లో నేనే నొక్కుతాను.
3. డెస్క్‌టాప్ బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగు.
4. రిసీవరు ఆఫ్‌లో ఉండగా బోర్డు లేస్తే హెచ్‌డీఎంఐ సౌండు తెరుచుకోవడం లేదు. ఇప్పటికి ముందు రిసీవరు, తర్వాత బోర్డు.

మెమరీ కార్డు పాడవకుండా దాన్ని చదవడానికే పరిమితం చేసే ఓవర్‌లే కూడా పెట్టి చూశాను. బోర్డు రీస్టార్టయిన ప్రతిసారీ పాటల జాబితా పోయింది. తీసేశాను.

ఎండకు గదిలో 39 డిగ్రీలున్న రోజు బోర్డు 72కు చేరింది. 120 రూపాయల హీట్‌సింకు అంటిస్తే 61.

ఇప్పటిదాకా: రూ. 8,324

చివరి కొలత

రాత్రి ఎనిమిది గంటలపాటు 96 కిలోహెర్ట్జ్ 5.1 పాటలు, రిసీవరు శబ్దం పూర్తిగా తగ్గించి. చెవితో కాదు, ఎంపీడీ లాగ్‌లో లెక్కపెట్టాను. ఆగినవి సున్నా. నెట్‌వర్కు పోర్టులో తప్పుల లెక్క సున్నా. బోర్డు ప్రాసెసరు వాడకం పది శాతం దాటలేదు.

మిగిలింది ఒకటే. దశ 2లో తాడుగా వాడి బయటికి లాగేసిన పాత టీవీ వైరు. మేడ గదిలో టీవీ పాయింటు అదేనని నాన్న పైకి వచ్చి రిమోటు నొక్కినప్పుడు గుర్తొచ్చింది. బయటి గోడ మీదుగా కొత్త వైరు వేయడానికి కేబుల్ అబ్బాయి 400 అడిగాడు. ఆ నాలుగొందలు ఈ లెక్కలోకి వస్తాయా రావా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.